నల్లబడ్డ మీటరు

వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ అనుమానాలరావే. సరుకులు మోసే వ్యాను ఒకటుంది, పెళ్ళాంబిడ్డల మీద లేని బెంగ దానిమీద. ఆర్నెల్ల కిందట బావమరిది ఉద్యోగం పోగొట్టుకుని వచ్చి ముందుగదిలో దిగాక ఆ బెంగ మరీ ముదిరింది. సాయంత్రం ఇంటికి రాగానే మీటరులోని కిలోమీటర్ల అంకెను క్యాలెండర్ మీద రాసుకుంటాడు. ఆపైన పెట్రోలు పంపు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు. అది లేకుండా ఇంజను అంటుకోదు. దొంగతాళం ఎవడైనా చేయించుకోవచ్చు గానీ ఫ్యూజు సంగతి ఎవడికి తెలుస్తుంది?

ఆ ఉదయం చూస్తే కొక్కేనికి చొక్కా లేదు. గాభరాగా వ్యానెక్కి తాళం తిప్పాడు. ఇంజను మహారాజులా అంటుకుంది! మీటరు తెర మాత్రం నల్లగా ఉంది. అంకె లేదు, ముల్లు లేదు.

ఆయనకు సంగతంతా అరటిపండు ఒలిచినట్టు అర్థమైపోయింది. బావమరిది చొక్కా కాజేశాడు, ఫ్యూజు పెట్టాడు, ఊరంతా తిరిగాడు, తిరిగిన కిలోమీటర్లు కనబడకుండా తెర చంపేశాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. ఇంట్లో ఎవర్నీ అడగలేదు. అడిగితే దొంగ జాగ్రత్తపడడూ?

వ్యానును నేరుగా షెడ్డుకు తోలుకుపోయాడు. అక్కడ బండ్ల ఎలక్ట్రీషియన్ బ్యాటరీ తీగలు బిగించి చూశాడు, తెర వెనక ప్లగ్గు ఊడదీసి మళ్ళీ పెట్టాడు. చలనం లేదు.

"ఫ్యూజులు చూద్దాం" అన్నాడు.

"అవన్నీ బాగానే ఉన్నాయిలే, ఇంకేదైనా చూడు" అన్నాడు అనుమానాలరావు గబగబా. రోజూ ఫ్యూజు పీకే సంగతి బయటపడితే నలుగురూ నవ్వరూ?

అప్పుడే బేకరీ యజమాని ఫోను. "మా డెలివరీ బండికి డ్రైవరుగా మీ బావమరిది వస్తానన్నాడండీ. పదకొండింటికి రమ్మన్నాను. ఇంకొకతను కూడా కూర్చుని ఉన్నాడు. మీరు సరేనంటే మీవాడికే తాళాలిస్తాను."

అనుమానాలరావు నల్లటి తెర వైపు చూశాడు. "బండి అప్పజెప్పే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి. అయినవాడు కదా, ఇంతకుమించి నన్నడక్కండి" అన్నాడు. అన్నాక కడుపులో చల్లగా అనిపించింది.

ఫోను పెట్టేసరికి ఎలక్ట్రీషియన్ ఫ్యూజు పెట్టె మూత తీసేశాడు. "పంపు ఫ్యూజు దాని చోట అదుంది. పక్కన మీటరుదే లేదు. ఎవరో చీకట్లో తడుముకుని పీకినట్టున్నారు."

అనుమానాలరావు చెయ్యి కళ్ళజోడు మీదికి పోయింది. నిన్న సాయంత్రం అది పెట్టుకోలేదు.

"బావా, ఇక్కడున్నావా!" ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెమటలు కక్కుతూ బావమరిది లోపలికొచ్చాడు. "బేకరీకి వెళ్తుంటే మన వ్యాను కనబడింది. బట్టలు నానబెడుతుంటే నీ జేబులో ఇది దొరికిందట, అక్క ఇచ్చింది." అరచేతిలో ఫ్యూజు పెట్టాడు. "ఇది లేకుండా బండెలా కదిలింది బావా?"

"నీకు... ఇదేంటో తెలుసా?"

"ఆర్నెల్ల నుంచి చూస్తున్నాగా" అని నవ్వాడు బావమరిది. "తప్పులేదులే. నీ బండి నీ ఇష్టం."

ఎలక్ట్రీషియన్ ఫ్యూజు నొక్కగానే తెర వెలిగింది. నిన్న రాసుకున్న అంకె, దాని మీద ఇంటి నుంచి షెడ్డుదాకా మూడు కిలోమీటర్లు. తెర ఆరినా లోపల బండి కంప్యూటరు లెక్క రాసుకుంటూనే ఉంది. ఒక్కటి కూడా ఎక్కువ లేదు.

అనుమానాలరావుకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. షెడ్డు బయటికెళ్ళి ఫోను చేశాడు. "అయ్యా, ఇందాక నేనన్నమాట తప్పు. మావాడు బంగారం."

"అయ్యో, ఇప్పుడే ఆ రెండో అతనికి తాళాలిచ్చి పంపానండీ" అన్నాడు బేకరీ యజమాని. "అయినవాళ్ళ కోసం అడ్డమైన అబద్ధాలూ ఆడే రోజులివి. మీరు నిజం చెప్పారు. మీ మేలు మర్చిపోను."

తిరిగొచ్చేసరికి బావమరిది వ్యాను అద్దంలో జుట్టు సర్దుకుంటున్నాడు. "పదకొండవుతోంది బావా. బేకరీ దాకా దింపుతావా?"

అనుమానాలరావు తాళం తీసి అతని చేతిలో పెట్టాడు.

బావమరిది తాళం వంకా, బావ మొహం వంకా నమ్మలేనట్టు చూశాడు. "నన్నే నడపమంటావా? ఇవాళ పొద్దున ఎవరి మొహం చూశానో గానీ, ఆ ఉద్యోగం నాదే బావా!" అంటూ ఎగిరి సీట్లో కూర్చున్నాడు.