తేలిన దూది

బడేసాహెబ్ దిండంటే అచ్చమైన బూరుగు దూది దిండని కొడవలూరు నుంచి సముద్రపు ఒడ్డు దాకా పేరు. ముప్పయ్యేళ్ళుగా ఆయన దూది ఏకుతాడు, భార్య నూర్జాన్ కుడుతుంది. అయినా చెంచులక్ష్మి రొయ్యల గుంటలో డీజిల్ పడితే దిండ్ల సాయిబుకు దూది తెమ్మని కబురు రావడమేమిటని, ఆ ఉదయం నూర్జాన్‌ను వెనక కూర్చోబెట్టుకుని మోపెడ్ మీద వస్తున్నంతసేపూ ఆయనకు అర్థం కాలేదు.

కబురు పెట్టింది చెంచులక్ష్మి కూతురు అనూష. నెల్లూరులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతోంది. కరెంటు పోయి ఇంజను వేయబోతే, గట్టు మీది డ్రమ్ము దొర్లి సగం డీజిల్ గుంటలోకి పోయింది. నీళ్ళను చిలికి గాలి నింపే ఏరేటర్లు తిప్పితే నూనె నీళ్ళలో కలిసిపోతుందని వాటిని ఆపే ఉంచారు. అవి తిరక్కపోతే రొయ్యలకు ఊపిరాడదు. మహా అయితే మూడు గంటలు. వారంలో పట్టుబడికి రావలసిన పంట. మొగుడు పోయాక చెంచులక్ష్మి ఒంటి చేత్తో సాకిన పంట.

బడేసాహెబ్ తెచ్చిన మూటలోంచి చిటికెడు బూరుగు దూది తీసి అనూష ఒక గ్లాసులో వేసింది. అందులో నీళ్ళున్నాయి, పైన డీజిల్ తెట్టు ఉంది. దూది తెట్టునంతా తాగేసి నీళ్ళ మీద తేలుతూ కూర్చుంది.

"దీని పోగు లోపల డొల్ల, పైన మైనం. నీళ్ళను అంటనీయదు, నూనెను వదలదు" అంది అనూష.

"గ్లాసుకు సరే. గుంటకు?" అన్నాడు మేనమామ మస్తానయ్య. "దూది నీళ్ళలో వేస్తే నానకుండా ఉంటాదా? ఇది మునిగిందంటే నీ చదువు మునిగినట్టే."

బడేసాహెబ్ తెచ్చింది చిన్న మూటే. బూరుగు కాయలు పగిలే కాలం ఎప్పుడో దాటింది. చెంచులక్ష్మి ఆ సంగతీ ఆలోచించింది. ఇల్లిల్లూ తిరిగి నలభై దిండ్లు ఆటోలో వేయించుకొచ్చింది.

"అన్నీ అన్న కుట్టినవే. కోసి, దూదిని వలల్లో కుక్కి తేలేస్తే సరి" అంది.

బడేసాహెబ్ కళ్ళు దిండ్ల అంచుల కుట్ల మీదికి పోయాయి.

అన్నీ బూరుగు కావు. చెట్లు కొట్టేసి దూది కరువైన ఏళ్ళలో ఆయన దిండు నడుమ మిల్లు పత్తి పెట్టి, చేతికి తగిలే పై పొర మాత్రం బూరుగు పరిచేవాడు. ఏది ఏదో తన చెయ్యే పొరబడకుండా ఒక గుర్తు పెట్టుకున్నాడు. అచ్చమైనదాన్ని ఎర్ర దారంతో మూయించేవాడు, కల్తీదాన్ని తెల్ల దారంతో. ఏ దారం అందిస్తే ఆ దారంతో నూర్జాన్ కుట్టేది. ఎందుకని ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు.

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. పత్తి నీళ్ళు తాగి మునుగుతుంది. అందరూ పిల్ల చదువును ఆడిపోసుకుంటారు గాని సాయిబు దిండును ఎవరూ అనుమానించరు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకు తన మీద తనకు రోత పుట్టింది. చెంచులక్ష్మి ఎదురింటి పెంచల్ కత్తి తీసుకుని మొదటి దిండు అందుకున్నాడు. తెల్ల దారం.

"పెంచలా, దాన్ని కొయ్యబాకు."

అందరూ తిరిగి చూశారు. బడేసాహెబ్ తల దించుకుని, దారం సంగతి మొదలుకొని అంతా చెప్పేశాడు.

పెంచల్ తన దిండు తిప్పి చూసుకుని, "ఇన్నేళ్ళూ పత్తి మీదనా పడుకున్నా? అందుకే మెడ పట్టేస్తా ఉండింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చెంచులక్ష్మి ఇంటి దిండ్లు ఆరూ తెల్ల దారమే. ఆమె వాటిని పక్కకు నెట్టి, "మాటలు తర్వాత. ఎర్రవి తియ్యండి" అంది.

ఎర్రవి పద్నాలుగే ఉన్నాయి. బడేసాహెబ్ గట్టు మీదే చతికిలబడి తెల్లవి విప్పి, పై పొర బూరుగును ఒలిచి ఇస్తూ పోయాడు. గాలి డీజిల్‌ను తూర్పు మూలకు తోసింది. మనుషులు మొలలోతు దిగి వలలను ఆ తెట్టు మీదుగా లాగారు, డ్రమ్ములోకి పిండారు, మళ్ళీ లాగారు. పిండిన దూది మళ్ళీ తేలింది. గంటన్నరయినా మూలన మంచమంత తెట్టు మిగిలే ఉంది. రొయ్యలు అక్కడక్కడా పైకి తేలి ఊపిరికి కొట్టుకుంటున్నాయి.

అప్పుడు కనిపించింది నూర్జాన్. ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ చూడలేదు. ఆటో దిగి, చంకల్లో నాలుగు దిండ్లతో గట్టెక్కింది. తమ ఇంటి దిండ్లు. నాలుగింటికీ ఎర్ర దారమే. అది అందరి కళ్ళా పడింది. బడేసాహెబ్‌కు భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది. ఆమె మొగుడి వైపు చూడకుండా వాటిని చీల్చి, దూదిని తన చేత్తోనే వలలో కుక్కింది.

ఆ తెట్టూ పోయాక అనూష ఏరేటర్లు వేయించింది. కాసేపటికి చెంచులక్ష్మి మేత తట్ట పైకి లాగింది. తట్టలో రొయ్యలు చిటచిటమని ఎగిరాయి. మస్తానయ్య మేనకోడలి తల మీద చెయ్యి వేశాడు.

చెంచులక్ష్మి తడి చీరతోనే వచ్చి బడేసాహెబ్ ముందు నిలబడింది.

"కోపం లేదని అబద్ధం చెప్పను అన్నా. మా అత్త మంచాన పడినప్పుడు ఒళ్ళు ఒరుసుకోకుండా మెత్తగా ఉంటాయని కుట్టించినా అవి. కానీ నువ్వు నోరు తెరవకుంటే పంటా పోయేది, నా బిడ్డ ఊళ్ళో తలెత్తుకోలేకపోయేది. పంట పట్టినాక వచ్చి మళ్ళీ కుట్టు. ఈసారి పక్కన కూర్చోని చూస్తా."

ఆయన కళ్ళు తుడుచుకుని తలూపాడు.

"నేనూ కూర్చుంటాలే లక్ష్మీ" అంది నూర్జాన్. గట్టెక్కాక ఆమె మాట్లాడటం అదే మొదలు. "ముప్పయ్యేళ్ళు పక్కనే కూర్చున్నా. చూడలా."