ఇరవై రెండు సెంటీమీటర్లు

అన్యాయం జరిగినది ఎవరికి? ఈ షెడ్డులో ఇంధన గొట్టాలు బిగించే ఫిట్టరుకు. ఎలా జరిగింది? ఆమె కోయని గొట్టాన్ని ఆమే కోసిందని పదకొండేళ్ల క్రితం తేల్చారు. చేసినది ఎవరు? ఆ మూడవ ప్రశ్నకు ఆమె వద్ద ఋజువు లేదు, అనుమానమే ఉంది. ఆ అనుమానం ఈ ఉదయం కూడా ఆమెతోపాటు కొండదారుల బండి వెనక సీటులోకి ఎక్కి కూర్చుంది.

ఆమె సీటు మడిచి, నేలమీది రేకు విప్పి, డీజిలు ట్యాంకు పైమూతను ఊడదీసింది. మూతను బల్లమీద బిగించి రంధ్రం చేసింది. అంచుల గరుకును ఆకురాయితో తీసి, వేలితో తడిమి, నమ్మకం కుదరక మళ్లీ తీసింది. యాభై నాలుగేళ్ల మనిషి. తలకు ముతక గుడ్డ, అరచేతి గీతల్లో ఏ సబ్బుకూ లొంగని నలుపు. ఇంజను ఆపినా లోపలివారిని వెచ్చగా ఉంచే చిన్న హీటరు ఈ బండికి అమర్చాలి. దానికి ఇంధనం బండి ట్యాంకులోనుంచే రావాలి.

పనికి కీలకమంతా ట్యాంకులోకి దిగే సన్నని గొట్టం పొడవులో ఉంది. ట్యాంకు లోతు ముప్పై సెంటీమీటర్లు. గొట్టం ఇరవై రెండు దగ్గర ఆగిపోవాలి. అలా ఆగితే డీజిలు తగ్గినప్పుడు ముందు హీటరు ఆరిపోతుంది, ఇంటికి చేరడానికి కావలసినది ట్యాంకులో మిగులుతుంది. గొట్టం అడుగుదాకా దిగితే హీటరు చివరి చుక్కవరకూ తాగేస్తుంది. అప్పుడు మంచులో బండి కదలదు, హీటరూ వెలగదు.

పదకొండేళ్ల క్రితం సరిగ్గా అదే జరిగింది. ఒక డ్రైవరు కనుమదారిలో రెండు రాత్రులు చిక్కుకుపోయి, ఎడమకాలి నాలుగు వేళ్లు పోగొట్టుకున్నాడు. ట్యాంకులో దొరికిన గొట్టం ఇరవై తొమ్మిది సెంటీమీటర్లు. పనికాగితం మీద ఆమె సంతకం. "నేను ఇరవై రెండే కోశాను" అని ఆమె మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు. ఆనాటి నుంచి ఆమె పనికి ఆమె సంతకం చేయరాదు. ఫోర్‌మన్ తనిఖీ చేసి చేయాలి. ఆ ఫోర్‌మన్ ఆమె అక్క భర్త. అందుకే ఆమె అక్క ఇంటికి వెళ్లినా ముళ్లమీద కూర్చున్నట్లు కూర్చొని, మంచినీళ్లు తాగి వచ్చేస్తుంది. ఆ డ్రైవరు ఇప్పుడు ఇదే షెడ్డు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు.

ఆ ఉదయం ఫోర్‌మన్ స్వయంగా వచ్చి ఈ పని అప్పగించాడు.

"ఈ బండి నువ్వే చెయ్యాలి అమ్మాయ్. ఇంకెవరికీ ఇవ్వను."

"ఇవాళ్టితో రిటైరైపోతున్నారుగా బావగారూ. పోతూ పోతూ ఇంకోటి నా నెత్తిన రుద్దుదామనా?"

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. మాట మింగి వెళ్లిపోయాడు. ఎన్నడూ మాట పడని మనిషి పడ్డాడంటే ఏదో ఉందన్నమాట. ఆమె గొట్టాన్ని మూడుసార్లు కొలిచి కోసింది. గొట్టాన్ని మూత రంధ్రంలో నట్టుతో బిగించి, మూతను ట్యాంకుకు అమర్చి, నట్టు మీదుగా మూతమీదికి సన్నగా పసుపుపచ్చ రంగుగీత గీసింది. ఎవరైనా నట్టు తిప్పితే గీత తెగుతుంది.

పక్కన వెల్డరు పకపకా నవ్వాడు. "ఆ గీత గియ్యకపోతే నీకు ముద్ద దిగదా అత్తా?"

"నీ నోటికి కూడా ఓ గీత గీస్తా. ఎప్పుడు మూసుంటుందో చూద్దాం."

తరువాత బండి కిందికి దూరింది. పొగగొట్టం వేడి తగలకుండా ఇంధనపు గొట్టాన్ని దూరంగా నడిపింది. చిన్న పంపును రబ్బరు పట్టీలో వేలాడదీసి, గాలిబుడగలు నిలవకుండా దాని బయటి మూతిని పైకెత్తి బిగించింది. జోడించిన చోటల్లా రెండు గొట్టాల కొసలు రబ్బరు తొడుగులో ఒకదానికొకటి ఆనేలా నెట్టింది. ఆమె పనిచేస్తున్నంతసేపూ ఫోర్‌మన్ బూట్లు బండి చుట్టూ తిరుగుతూ కనిపించాయి. ఒకచోట ఆగేవి, కదిలేవి, మళ్లీ ఆగేవి.

మధ్యాహ్నం తిని వచ్చి చూసేసరికి రంగుగీత తెగి ఉంది.

ఇక సందేహం లేదు, చరిత్ర మళ్లీ మొదలైంది. ఆమె నట్టు విప్పి, గొట్టం పైకి లాగి, స్కేలుకు ఆనించింది. ఇరవై రెండు. తను కోసినదే, తన ఆకురాయి గుర్తులే. అది మరింత అర్థం కాలేదు. తిరిగి చూస్తే ఫోర్‌మన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ముట్టుకున్నారు."

"విప్పి చూశాను."

"ఎందుకు?"

"సంతకం పెట్టడానికి. కొలిస్తే ఇరవై రెండుంది. నువ్వెప్పుడూ ఇరవై రెండే కోస్తావు." ఆయన తలుపు రెక్క దగ్గరగా వేశాడు. "సంతకానికి చెయ్యి రాలేదమ్మాయ్. అప్పుడు గొట్టం మార్చింది నేనే. పావు ట్యాంకుంటే హీటరు ఆగిపోతోందని ఆ డ్రైవరు గోల పెట్టాడు. నువ్వు సెలవులో ఉన్నావు. పొడుగుది వేసేశాను. తర్వాత ఫోర్‌మన్ పని పోతుందని నోరు మూసుకున్నాను."

ఆమె స్కేలు పక్కన పెట్టింది. "అక్కకి తెలుసా?"

"పొద్దున చెప్పాను. అందరి ముందూ చెప్పి ఇంటికి రా, చెప్పకపోతే అటునించి అటే పొమ్మంది."

"ఇక్కడ నా ఒక్కదానికి చెప్తే చాలదు బావగారూ."

"తెలుసు."

ఆయన మేనేజరును పిలిచాడు, వెల్డరును పిలిచాడు, కుంటుతూ వచ్చిన కాపలాదారును కూడా పిలిపించాడు. బండి ముందు సీటులోకి ఎక్కి, కళ్లజోడు పెట్టుకొని, జరిగినదంతా తన చేతితో రాసి సంతకం చేశాడు. తలుపు తెరిచిపెట్టి, అక్కడినుంచే అందరికీ వినబడేలా చదివాడు. ఒక్క మాట దాచలేదు. "ఆమె తప్పు లేదు" అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

కాపలాదారు తన ఎడమ బూటు వైపు చూసుకొని, "పదకొండేళ్లు ఈవిణ్ణి తిట్టుకున్నానే" అన్నాడు. ఫోర్‌మన్ దిగి కాగితాన్ని మేనేజరు చేతికిచ్చాడు.

మేనేజరు ఆ కాగితాన్ని పాత విచారణ ఫైలులో పెట్టించి, తీర్పు రద్దు చేస్తున్నట్లు కింద రాశాడు. తరువాత ఈ బండి పనికాగితంలో తనిఖీ గడిలో ఉన్న ఫోర్‌మన్ పేరు కొట్టివేసి, దానిని ఆమె వైపు జరిపాడు. ఆమె గొట్టం తిరిగి దించి, నట్టు బిగించి, హీటరు వెలిగే వరకూ ఎవరినీ కదలనివ్వలేదు. అప్పుడు చేతులు తుడుచుకొని, తన పూర్తి పేరు, పొట్టి చేయకుండా, రాసింది. ఆమెకు రావలసినది వచ్చింది, ఒక్క అక్షరం తక్కువ కాకుండా.

వీడ్కోలు మాటలేవీ జరగలేదు. తల ఎత్తేసరికి ఫోర్‌మన్ గేటు దాటిపోయాడు. ఆమె పిలవలేదు. హీటరు ఆపుదామని బండిలోకి ఎక్కి, స్విచ్చు మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. ముందద్దం కింద, మడవకుండా వదిలేసిన ఆయన కళ్లజోడు హీటరు గాలికి వెచ్చబడుతూ ఉంది.