గేటు బయట పది

ముందే ఒప్పుకుంటున్నాను, తప్పు నాదే. ఎవరో తెలియని మనిషికి నీళ్లిచ్చి పెళ్లికి సరే అనేశాను.

మా ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. సంబంధానికి నోటితో ఒప్పుకోం. అబ్బాయి తరఫు పెద్దమనిషి వచ్చి నీళ్లడుగుతాడు. ఇష్టం లేకపోతే పిల్ల గ్లాసుతో ఆపేస్తుంది. ఇష్టమైతే ఆయన వచ్చిన బండి టైరు మీద కూడా ఒక చెంబు పోస్తుంది. బైబిల్లో ఇస్సాకుకు పిల్లను వెతుక్కుంటూ వచ్చిన దాసుడికి రిబ్కా నీళ్లిచ్చి, అడక్కుండానే అతని పది ఒంటెలకూ తోడిపోసింది కదా, అందుకని. మా నానమ్మ కాంతమణి సైకిలుకు పోసింది. అమ్మ స్కూటరుకు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ప్రతిదీ రెండుసార్లు చెక్ చేయడానికే నాకు జీతం. ఆ రోజు ఒక్కసారి కూడా చేయలేదు.

పోయిన వారం డేవిడ్ రాజు తరఫున దేవసహాయం గారు రావాలి. డేవిడ్‌తో నెల రోజులుగా ఫోన్లో మాట్లాడుతున్నాను. నాకు ఇష్టమే. సాయంత్రం ఆరింటికి లాలాగూడలో మా గేటు ముందు ఒక ముసలాయన నిలబడ్డాడు. మోకాళ్ల దాకా దుమ్ము.

"జెర దాహమైతుంది బిడ్డా."

గ్లాసిచ్చాను. ఒక్క గుక్కలో తాగేశాడు.

"బండి ఏది తాతా?"

"బండి గాదు. ఒంటెలు. పది ఉన్నయి."

మా ఆచారం తెలిసి జోకేస్తున్నాడనుకున్నాను. తెగ నచ్చేశాడు. "పదింటికీ పోస్తా, ఫికర్ చెయ్యకుండ్రి" అని మొక్కల పైపు తెచ్చి ఖాళీ రోడ్డు మీదికి పట్టాను. ఐదు నిమిషాలు. ఆయన నవ్వలేదు.

లోపల ఫోన్ మోగితే వెళ్లి ఎత్తాను. దేవసహాయం గారు.

"అమ్మా హదస్సా, మెట్టుగూడల ట్రాఫిక్‌ల ఇరుక్కున్న. అర్ధగంటైతది."

బయటికి పరిగెత్తాను. ముసలాయన లేడు. గోడ మీద రెండు బంగారు గాజులున్నాయి, ఆ దాసుడు రిబ్కాకు తొడిగినట్టే. రోడ్డు పొడిగా ఉంది. మధ్యాహ్నమే నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకులో చుక్క లేదు.

గేటు మీది కెమెరా రికార్డింగ్ చూశాను. నేనున్నాను, పైపుంది. నా ఎదుట ఎవరూ లేరు. నీళ్ల ధార మోకాలెత్తు దాకా దిగి అక్కడే ఆగిపోతోంది. ఎవరో మూతి పెట్టినట్టు.

"నానమ్మా, నాకు డేవిడే కావాలె. ఇది క్యాన్సిల్ కాదా?"

"నీళ్లు పోసినవా లేదా?"

"జోకనుకున్న!"

"పది ఒంటెలకు పోసుడు జోకా, పిచ్చిదానా?"

నానమ్మ గేటు దగ్గరికెళ్లి, ఖాళీ రోడ్డుకు చేతులు జోడించింది. రిబ్కా ఇంటివాళ్లు అడిగినట్టే అడిగింది. "పది దినాలన్న పిల్లను మాతోని ఉండనియ్యుండ్రి అయ్యా."

తర్వాత, బరువైనదేదో మోకాళ్లు మడిచి కూలబడిన చప్పుడు. ఆ పక్కన ఇంకోటి. నేను లెక్కపెట్టాను. పది.

రిబ్కా వాళ్లకు గడువు దొరకలేదట. మాకు దొరికింది.

అప్పటినుంచి వీధికుక్కలు మా గేటు ముందు భాగాన్ని చుట్టి పోతున్నాయి. ఆటోలు కూడా ఎందుకో పక్కకు కోసుకుని వెళ్తున్నాయి. ఆ సాయంత్రం దేవసహాయం గారిని నానమ్మ నీళ్లడగనివ్వకుండానే పంపేసింది. డేవిడ్ ఫోన్ చేస్తుంటే నెట్‌వర్క్ లేదని అబద్ధమాడుతున్నాను. నానమ్మ నిన్నటినుంచి నా చీరలు మడతపెడుతోంది, ఏడుస్తూనే.

"రిబ్కాను సుత తోలకముందు అడిగిన్రు బిడ్డా, పోతవా అని. నిన్ను సుత అడుగుతరు."

"పోనంటే?"

నానమ్మ చేతిలో చీర ఆగిపోయింది. "మా ఇండ్లల్ల ఎవ్వరు అట్ల అనలే."

రేపు పదో రోజు. మీలో ఎవరైనా ఇలాగే పొరపాటున నీళ్లు పోసి, అడిగినప్పుడు "పోను" అని ఉంటే, ఆ తర్వాత ఏమైందో నాకు రాయండి. మీ అమ్మమ్మల సంగతైనా సరే. రేపు సాయంత్రం ఆరులోపు అందాలి.