దుప్పట్లక్క కోపం

తొట్టిలోంచి దుప్పటి పైకి లాగి, మరక ఉన్నచోటు వెతికి పట్టుకుని, సబ్బు రుద్ది రెండు పిడికిళ్ల మధ్య నలుపుతూ దుప్పట్లక్క తిడుతోంది. మంచం మీద కూర్చుని టీ ఒలకబోసుకున్నవాణ్ణి మొదట తిట్టింది. మరక చూసి కూడా చూడనట్టు దుప్పటి మడతపెట్టి కిందికి పంపిన గదులవాణ్ణి తర్వాత తిట్టింది. ఆ తర్వాత నురగ రాని సబ్బు, ఆ సబ్బు కొన్న మేనేజరు, అంత తెలివైనవాణ్ణి కన్న తల్లిదండ్రులు వరసగా వచ్చారు. అందరి పనీ అయ్యాక ఊపిరి పీల్చుకుని మళ్లీ టీ తాగినవాడి దగ్గర మొదలుపెట్టింది.

"వాడు ఈపాటికి ఊరు దాటి పోయుంటాడక్కా," అంది పక్క తొట్టిలో దిండు గలీబులు జాడిస్తున్న తోడికోడలు.

"పోనీ. తినేటప్పుడు పొలమారుతుందిగా, అప్పుడు తెలుస్తుంది ఎవరు తలుచుకుంటున్నారో."

లాడ్జి వెనకవైపు, వంటగది పొగగొట్టం పక్కనున్న గది అది. ఉన్న ఒక్క కిటికీ గోడకేసి తెరుచుకుంటుంది. మూలన పెద్ద ఉతికే యంత్రం తిరిగినంతసేపూ నేల అదురుతూ ఉంటుంది. దాని పక్కనే ఆరబెట్టే యంత్రం ఒకటి నోరు తెరుచుకుని పడి ఉంటుంది. అది పాడై చాలాకాలమైంది. బాగుచేయించడం కంటే ఎండ చవక అని లాడ్జివాళ్లు తేల్చుకున్నారు. ఎండ ఊరికే వస్తుంది, ఆ ఎండలోకి దుప్పట్లు మోసే మనుషులు దాదాపు ఊరికే వస్తారు. అందుకని ఉతికిన బట్టలన్నీ అన్ని అంతస్తుల మెట్లూ ఎక్కి డాబా మీదికి పోవాలి.

దుప్పట్లక్క పొట్టి మనిషి. భుజాలు మెడను మింగేసినట్టుంటాయి. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినంత పెద్దవి. బ్లీచింగు నీళ్లలో నాని వేళ్ల కొసలు పాలిపోయి ముడతలు పడ్డాయి. గోళ్ల పక్కన చర్మం పగిలి, అన్నంలో ఉప్పు కలుపుకున్నప్పుడల్లా చురుక్కుమంటుంది. మెట్లెక్కీ ఎక్కీ ఎడమ మోకాలు అరిగింది. అది టక్కుమన్నప్పుడల్లా దాన్నీ ఒక తిట్టు తిడుతుంది.

ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లోనే అత్తగారు పోయింది. అప్పటికి మరిదికి లాగూ బొత్తాలు పెట్టుకోవడం కూడా రాదు. వాడికి ముద్దలు పెట్టింది, వీపు విమానం మోత మోగించింది, వ్యాను నడపడం నేర్పించింది, పిల్లను వెతికి పెళ్లి చేసింది. ఆ పిల్లే పక్క తొట్టి దగ్గరున్న ఈ చిన్నది. తనకంటూ పిల్లలు కలగలేదు. దానిమీద కూడా ఆమెకు కోపమే కానీ, ఆ కోపం ఎవరి మీద చూపించాలో ఇన్నేళ్లయినా తెలియలేదు. మొగుడు కలప అడితిలో రంపం మిషను దగ్గర పనిచేస్తాడు. ఆ మోతకు చెవులు సగం పోయాయి. ఆ కాపురం నిలబడింది ఆ చెవుడు వల్లనేనని చిన్నది వేళాకోళం చేస్తే, "ఆయన్ని లొంగదీయడానికి ఆ వినబడే సగం చాల్లేవే," అనేది.

చిన్నదానికి ఉరుమంటే చచ్చేంత భయం. మబ్బు పట్టిందంటే పెదవులు తెల్లబడతాయి. "చెవులు మూసుకుంటే పిడుగు దారి తప్పి పోతుందటే?" అని కసిరి, ఉరుముల్లో డాబా మీదికి పరిగెత్తి దుప్పట్లు తెచ్చే పని మొదటి నుంచీ దుప్పట్లక్కే చేస్తోంది. అందులో గొప్పేమీ లేదు. బట్టలు ఆరేసేవాళ్లకు వాన ఒక్కటే శత్రువు. మెరుపును వాళ్లు శత్రువుల లెక్కలో వేయరు, అది బట్టలను తడపదు గనక.

ఆ లెక్క పోయినవారమే తప్పిపోయింది. తీసిన దుప్పట్లు గుండెల దాకా ఎత్తుకుని ఆమె మెట్ల మీదికి వచ్చిందో లేదో, వెనక డాబా మీద పిడుగు పడింది. చేతుల మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నోట్లో ఇనుము నాకిన రుచి. పిట్టగోడ మూల పెచ్చు ఎగిరిపోయింది. దుప్పట్లు వదలకుండానే ఆమె మెట్టు మీద కూలబడింది. కింద ఒకటే గోల, పరుగులు. తన కోసం వస్తున్నారనుకుంది పిచ్చిది. గదుల్లో టీవీలు కాలిపోయాయట. ఆమెను దాటుకుని పోయిన వాళ్లలో ఒక్కడంటే ఒక్కడు ఆగి, ఏమైందమ్మా అని అడగలేదు.

మర్నాడు కరెంటు పనివాడు వచ్చి ప్రతి టీవీకీ రక్షణగా ఒక పెట్టె బిగించాడు. డాబా తలుపుకు మేనేజరు ఒక బోర్డు కొట్టించాడు. ఉరుములు ఉరిమే సమయంలో అతిథులు డాబా మీదికి వెళ్లరాదు అని ఎర్ర అక్షరాలతో రాయించాడు. దుప్పట్లక్క చిన్నదాని చేత దాన్ని చదివించుకుని, ఇంకోసారి చదవమంది.

"మన సంగతేం రాయలేదా?"

"లేదక్కా. అతిథులనే ఉంది."

"పిడుక్కి కూడా మర్యాద తెలుసన్నమాట. గది అద్దె కట్టినవాళ్లనే చూసి పడుతుంది కాబోలు!"

పని ముగించుకుని ఉతికే గది గుమ్మంలో టీ తాగుతూ కరెంటు పనివాడు వాళ్లిద్దరికీ విడమరిచి చెప్పాడు. "చూడమ్మా, పిడుక్కి వాన తోడు అక్కర్లేదు. మబ్బు ఎక్కడో అవతలుండగానే ఇక్కడికి చెయ్యి చాస్తుంది. ఉరుము మన చెవిన పడిందంటే మనం దానికి అందే దూరంలో ఉన్నట్టే. మీ తీగలేమో ఇనప స్తంభాలకి కట్టేసున్నాయి. స్తంభం మీద పడిందంటే తీగ పట్టుకున్నవాళ్లకి వాటా తప్పదు."

దుప్పట్లక్క అంతవరకే విన్నది. చేతిలో టీ అక్కడే పెట్టేసి మేనేజరు మీదికి పోయింది. వెనక రేకుల షెడ్డులో విరిగిన కుర్చీలు పడి ఉన్నాయి. అవి అవతల పారేసి తీగలు అక్కడ కట్టించమంది. మేనేజరు చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆరబెట్టే యంత్రం గురించి అడిగినప్పుడు కూడా ఆయన అదే మాట అన్నాడు. అప్పుడే ఆమె ఒట్టు పెట్టుకుంది, ఇక ఉరుముతుంటే డాబా ఎక్కనని. అప్పట్నుంచి వాన రాలేదు. ఒట్టు ఒట్టులాగే ఉండిపోయింది.

ఇవాళ పొద్దున ఎండ చుర్రుమంది. తీగల నిండా దుప్పట్లు ఆరేసి వచ్చి, ఇద్దరూ ఆలస్యంగా భోజనం డబ్బాలు విప్పుకున్నారు. సగం తిన్నారో లేదో గది చీకటయింది. గాలికి వసారాలో తలుపు ఒకటి దడేలున కొట్టుకుంది. తర్వాత దూరంగా, పెద్ద పీపా దొర్లించినట్టు ఉరిమింది. చిన్నది ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయింది.

దుప్పట్లక్క లేవలేదు. కాళ్లు లేద్దామన్నాయి. ఏళ్ల అలవాటు మరి, మోకాలు టక్కుమంటూ తనంతట తనే వంగబోయింది. ఆమె పట్టుబట్టి కూర్చుంది.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఏంటి ఇంకా కూర్చున్నారు? పైన దుప్పట్లున్నాయిగా! సాయంత్రం ఆటగాళ్ల జట్టు దిగుతోంది. ప్రతి గదికీ కావాలి!"

"ఉరుముతోంది, బాబూ."

"వినబడుతోందమ్మా, నాకూ చెవులున్నాయి."

"కాళ్లు కూడా ఉన్నాయిగా. మీరెళ్లి తెండి."

ఆయన ముఖం కందగడ్డయింది. దుప్పట్లు తడిశాయంటే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదన్నాడు. ఆమె ముద్ద కలుపుకుంటూనే ఉంది. ఆయన చిన్నదాని వైపు తిరిగి, "నువ్వెళ్లు," అన్నాడు. చిన్నది డబ్బా మూతపెట్టి లేచింది. అప్పుడు లేచింది దుప్పట్లక్క. ఎంగిలి చెయ్యి అలాగే చాపి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అది గానీ మెట్టెక్కిందో, దాని కాళ్లు విరగ్గొడతా. ఆ తర్వాత మీ సంగతి చూస్తా. టీవీలకి పెట్టెలు కొన్నారే, మాకేం కొన్నారు? చెప్పండి! ఒక్క షెడ్డు ఖాళీ చేయించడానికి చేతులు రాలేదు మీకు. తడవనివ్వండి దుప్పట్లు. ఉతికేదాన్ని నేనేగా, మళ్లీ ఉతుకుతా. నేను కాలిపోతే నన్నెవరు ఉతికి ఆరేస్తారు?"

ఆమె గొంతు వంటగది దాకా వినబడింది. అక్కడ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆమె తిట్టని రోజు లేదు కానీ, తిట్టవలసినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి తిట్టింది ఇవాళే. మేనేజరు ఏదో అనబోయాడు. ఇంతలో మెరుపు గదంతా తెల్లగా చేసింది. ఆయన ఉలిక్కిపడి గోడకు ఆనుకున్నాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

వాన కుండపోతగా కురిసింది. దుప్పట్లక్క చెయ్యి కడుక్కుని వచ్చి తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది. గెలిచిన సంతోషం ముఖంలో దాచుకోవాలని చూసింది కానీ దాగలేదు. "చూశావటే వాడి మొహం!" అని చిన్నదాన్ని మోచేత్తో పొడిచింది. చిన్నది చెవులు మూసుకునే నవ్వింది. కాసేపటికి ఆ సంతోషం కింద ఇంకోటి కదిలింది. పని పోతే మొగుడి ఒక్క సంపాదనే మిగులుతుంది. చిన్నదాన్నీ పీకేస్తారు. అది తలుచుకునేసరికి మళ్లీ కోపం వచ్చింది. దుప్పట్లు లేవన్న వంక వాడికి దొరకనివ్వకూడదనుకుంది. జట్టు దిగేసరికి ప్రతి మంచం మీదా పొడి దుప్పటి పరిచి, వాడి నోట మాట రాకుండా చేయాలి.

వాన ఎంత విసురుగా వచ్చిందో అంత విసురుగా వెలిసింది. గోడ మీద పసుపుపచ్చ ఎండ పడింది. ఆమె అప్పటికే లేచి నిలబడింది. కొక్కేనికి వేలాడుతున్న పాత తువ్వాలు లాగి భుజాన వేసుకుంది.

"ముందు తీగలు తుడిచేస్తా. తడి తీగ మీద వేస్తే దుప్పటి నిండా తుప్పు చారలే. నువ్వు బుట్ట తీసుకుని వెనకాల రా."

దూరంగా ఉరిమింది, సన్నగా, ఇల్లు దాటిపోయినవాడి గొణుగుడులా.

"ఇంకా ఉరుముతోందక్కా."

"అది పోయే ఉరుమే. పోయేవాడు తలుపు గట్టిగా వేసుకునే పోతాడు."

"ఆ కరెంటాయన, వాన ఆగాక కూడా కూర్చోమన్నాడు. ఆఖరి ఉరుము విన్నాక అరగంటన్నా ఆగమన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"నువ్వు లేచెళ్లిపోయాక."

"నేను లేనప్పుడన్నది నాకెందుకే!" అని నవ్వేసి ఆమె మెట్లెక్కింది. పైన ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. నల్లటి మబ్బంతా ఊరి అవతలి కొసకు జరిగిపోయింది. దుప్పట్లు కొన్ని తీగల మీదే బరువుగా వేలాడుతున్నాయి, కొన్ని పిట్టగోడ వారన ముద్దలై పడి ఉన్నాయి. వాటిని చూడగానే ఆమె మేనేజరును తిట్టడం అందుకుంది. ఒక తీగ మీదివన్నీ తీసి నేల మీద కుప్ప పోసింది. తువ్వాలు మడిచి తీగను దాని మధ్య బిగించి పట్టుకుని, ఈ స్తంభం దగ్గర మొదలుపెట్టి ఆ స్తంభం వైపు తుడుచుకుంటూ నడిచింది. ఎండ వీపు మీద వెచ్చగా తగిలింది. సాయంత్రం లోపు ఆరిపోతాయని ఆమెకు ధైర్యం వచ్చింది.

బుట్టతో మెట్లెక్కుతున్న చిన్నదానికి పైనుంచి అక్క తిట్లు వినబడుతూనే ఉన్నాయి. వెలుగూ చప్పుడూ ఒక్కసారే వచ్చాయి. ఆ తర్వాత తిట్లు వినబడలేదు.

ఉరుముకు చెవులు మూసుకునే ఆ పిల్ల బుట్ట వదిలేసి డాబా మీదికే పరిగెత్తింది. తడి నేల మీద కూర్చుని అక్క తల ఒళ్లో పెట్టుకుంది. అక్కా అక్కా అని చెంపలు తట్టింది. రొమ్ము మీద రెండు చేతులూ వేసి, ఎవరో వచ్చి తనను లాగేదాకా నొక్కుతూనే ఉంది. వంటవాళ్లు వచ్చారు, గదులవాడు వచ్చాడు. మేనేజరు కూడా వచ్చాడు. వచ్చి, గుమ్మం లోపలే ఆగి, "ఉరుములు ఆగాయా?" అని అడిగాడు. ఆగలేదని ఎవరో చెప్పారు. ఆయన గడప దాటలేదు.

అడితిలోంచి ఆమె మొగుణ్ణి పిలుచుకొచ్చారు. జుట్టు నిండా రంపంపొట్టుతో, ఒక్కొక్క మెట్టే పట్టుకుని ఎక్కి వచ్చాడు. ఎవరో చెప్పారు. ఆయనకు వినబడలేదు, ఏమిటన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. ఇంకోసారి గట్టిగా చెప్పడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు. ఆయనే మనుషుల్ని తప్పించుకుని ముందుకు వచ్చి చూశాడు.

ఆమెను కిందికి దించారు. ఆ వెనకే అందరూ దిగిపోయారు. డాబా మీద ఎండ బాగా కాసింది. తీగకు సగం దాకా ఒక్క చుక్క లేదు. అక్కణ్ణుంచి అవతలి స్తంభం దాకా వాన చుక్కలు బారు తీరి వేలాడుతున్నాయి. ఆ రెంటికీ మధ్య, తీగ మీదే, బిగించి పట్టుకున్న వేళ్ల మడతలు ఇంకా విడని తువ్వాలు.