మూడుసార్లు తుడిచిన కెమెరా

ఆపరేషన్ బల్ల మీద పడుకున్నా పే మల్‌సున్ నోరు మాత్రం పడుకోలేదు. ముప్పై ఏళ్లు బూసాన్ చేపల బజారులో కేకలేసి రాటుదేలిన గొంతు అది. మత్తు డాక్టరు యోమ్ సూది పట్టుకుని నిలబడినా లొంగేలా లేదు.

"ఏమమ్మాయ్, నా చేదుకట్టు, అదే ఈ పిత్తం తిత్తి, తీసేస్తారు సరే, రేపట్నుంచి బజార్లో నా గతేంటి? రోషం లేనిదాన్నని మా తోటికోడలు ఇన్నాళ్లూ ఊరికే అనేది, 'చేదుకట్టు ఊడిపోయినదానా' అని. ఇప్పుడిక డాక్టరు కాయితం పట్టుకుని మరీ అంటుంది!"

బల్ల పక్కనున్న నర్సు తక్ హేజిన్ మాస్కు వెనక నవ్వింది. "రోషం ఆ తిత్తిలో ఉండదమ్మా. మీ స్కానింగు చూశాను, ఉన్నవన్నీ రాళ్లే" అంది.

"రాళ్లో రప్పలో! చేప కడుపులోంచి ఆ తిత్తి పగలకుండా ఎలా లాగాలో నాకు తెలుసు. తొందరపడ్డావా, చేపంతా చేదే. పక్కది కొయ్యకుండా నిదానంగా లాగమని మీ పెద్దాయనకి చెప్పు. చెబుతావా?"

"చెబుతానమ్మా."

అనేసింది గానీ, ఆపరేషన్ చేసే నమ్‌గుంగ్ ప్రొఫెసర్‌కి ఎవరైనా ఏదైనా చెప్పడం ఈ తొమ్మిదేళ్లలో హేజిన్ చూడలేదు. చెడ్డవాడేం కాదాయన. వెయ్యికి పైగా పిత్తాశయాలు తీసిన చెయ్యి. ఆ వెయ్యే అందరి నోళ్లకీ తాళం వేసింది.

మల్‌సున్ కళ్లు మూతలు పడ్డాయి. కుర్ర డాక్టరు ఛే ఉబిన్ బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, గొట్టం దింపి, గ్యాసు నింపి పొట్టను ఉబ్బించాడు. ఆ ఖాళీలోకి కెమెరా దిగింది. దాన్ని చూస్తూ ఇంకో మూడు చిల్లులు పొడిచి వాటిలోనూ గొట్టాలు దింపాడు. బల్లను తలవైపు ఎత్తి ఎడమకు వాల్చగానే పేగులు కిందికి జారిపోయి కాలేయం అంచు బయటపడింది. అప్పుడు రోబోను దగ్గరికి జరిపి, దాని నాలుగు చేతుల్నీ ఆ నాలుగు గొట్టాలకు తగిలించారు.

రోబో అంటే అదేదో తనంతట తానే కోసిపారేస్తుందనుకుంటారు జనం. దానికంత తెలివెక్కడిది! ప్రొఫెసర్ గది మూల ఇంకో యంత్రం ముందు బూట్లు విప్పి కూర్చున్నాడు, తల దాని కళ్లద్దాల్లోకి దూర్చాడు. అక్కడ ఆయన వేళ్లు ఎటు తిరిగితే ఇక్కడ పొట్టలో ఉక్కు మణికట్లు అటు తిరుగుతాయి. చూపు పదింతలవుతుంది. అయితే తల అందులో పెట్టినవాడికి గదిలో ఎవరి మొహమూ కనపడదు. బల్ల పక్కన నిలబడే పని హేజిన్‌ది. పనిముట్టు మార్చాలన్నా, కెమెరా తుడవాలన్నా, పిత్తం గొట్టాన్ని నొక్కేసే ప్లాస్టిక్ క్లిప్పును రోబో దవడలో బిగించి లోపలికి పంపాలన్నా ఆమె చేతులే కావాలి.

ఆ రోజు ఆ చేతులు ఒకచోట నిలవడం లేదు. క్లిప్పుల పెట్టె రెండుసార్లు తెరిచి మూసింది. రెండుసార్లు నొప్పొచ్చి వాచిన పిత్తాశయం అది. అలాంటివి చుట్టుపక్కలవాటిని అంటుకుపోయి, ఏది ఏదో తెలియకుండా చేస్తాయి.

ఒక చెయ్యి తిత్తిని పట్టి కాలేయం మీదుగా పైకెత్తింది. ఇంకో చెయ్యి కొక్కెంతో దాని మెడ దగ్గరి కొవ్వును పొరలు పొరలుగా విడదీస్తోంది. పొద్దున్నే నరంలోకి ఎక్కించిన రంగు ఒకటుంది. యంత్రంలో లైటు మారిస్తే పిత్తం పారే గొట్టాలన్నీ పచ్చగా వెలుగుతాయి. ప్రొఫెసర్ మొదట్లోనే ఒకసారి మార్చి చూశాడు. మందంగా వాచిన కొవ్వు వెనక పచ్చటి మసక తప్ప ఏమీ కనపడలేదు. "దీనికో దండం" అని మామూలు లైటుకి వచ్చేశాడు. తర్వాత ఇక దాని జోలికే పోలేదు.

అరగంటకి ఒక గొట్టం బయటపడింది.

"ఇదుగో, దొరికింది. క్లిప్" అన్నాడు ప్రొఫెసర్. ఆయన గొంతు స్పీకర్లోంచి వచ్చింది.

హేజిన్ గోడ మీది తెర వైపు చూసింది. కోయాల్సిన గొట్టం సన్నంగా, పొట్టిగా, తిత్తి మెడలోంచి వచ్చి పెద్ద గొట్టంలో కలవాలి. ఇదేమో వెడల్పుగా ఉంది, తిన్నగా పేగు వైపు పోతోంది. అంటుకుపోయిన తిత్తిని పైకి లాగడంతో పెద్ద గొట్టమే దాంతోపాటు లేచి వచ్చినట్టుంది. కాలేయం నుంచి పేగుకి పిత్తాన్ని మోసే దారి అది. దాన్ని తెంపితే ఆ చేపలమ్మకి మిగిలేది పచ్చకామెర్లు, జ్వరాలు, ఆపరేషన్ మీద ఆపరేషన్.

"సార్, లెన్సు మసకేసింది. ఒక్కసారి తుడుస్తాను."

మసకా గిసకా ఏమీ లేదు. ఆ గదుల్లో పద్ధతే అంత. పెద్దవాడు పొరబడుతుంటే పొరపాటని ఎవరూ అనరు. ఒక నిమిషం ఆపుతారు. మళ్లీ చూసేటప్పుడు ఆయనే చూసుకోవాలి, ఆయనే దిద్దుకోవాలి. అప్పుడు పరువూ దక్కుతుంది, రోగీ దక్కుతాడు. హేజిన్ కెమెరా బయటికి తీసి, వేడినీళ్లలో ముంచి, తుడిచి, మళ్లీ పంపింది.

"ఆ, క్లిప్" అన్నాడాయన.

"సార్... ఒకవేళ నేను సరిగ్గా చూడలేదేమో గానీ... గొట్టం కాస్త వెడల్పుగా..."

"వాపమ్మా. వాస్తే అలాగే ఉంటుంది."

"అవును సార్. మళ్లీ మసకేసినట్టుంది, తుడుస్తాను."

మూడోసారి కెమెరా తీసేసరికి ప్రొఫెసర్ విసుక్కున్నాడు. "ఏమైంది ఇవాళ నీ కెమెరాకి, జలుబు చేసిందా?"

ఉబిన్ కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు ఆమెకు అరికాల్లోంచి మంట పుట్టించింది. కెమెరా లోపలికి పోయింది. అదే గొట్టం, అంతే వెడల్పు. ఇక తుడవడానికి లేదు. క్లిప్పును దవడలో బిగించి, ఆ పనిముట్టు చేత్తో పట్టుకుంది.

"క్లిప్ ఏదమ్మా?"

బల్ల మీద మల్‌సున్ కళ్లకు టేపు వేసి ఉంది. నిద్రలో ఆ నోరు ఎంత బుద్ధిగా మూసుకుందో! చెబుతావా అని అడిగింది, చెబుతానన్న మాట నమ్మి పడుకుంది. చేదుకట్టు ఊడినదాన్ని ఈ గదిలో వెతకాలంటే బల్ల మీద కాదు, బల్ల పక్కన వెతకాలి. హేజిన్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇవ్వను సార్."

ప్రొఫెసర్ కళ్లద్దాల్లోంచి తల బయటికి తీశాడు. తల తీయగానే పొట్టలో రోబో చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏమన్నావు?"

"ఇవ్వను సార్. అది పెద్ద గొట్టం. ఇప్పుడు కొవ్వు పోయింది, పచ్చలైటు వేసి చూడండి. నాది తప్పయితే గదిలోంచి పంపేయండి, పోతాను."

ఆయన ఆమె వైపు చూశాడు. ఏ తిట్టు ఎంచుకుంటున్నాడో అనుకున్నారందరూ. ఆయన తల మళ్లీ లోపల పెట్టాడు. తెర నల్లబడి, లైటు మారింది.

రోబో పట్టులో ఉన్న గొట్టం కాలేయం కింద నుంచి పేగు దాకా ఒకటే పచ్చటి గీత. కోయాల్సిన సన్న గొట్టం దాని వెనక మడతపడి, చిన్న తోకలా మినుకుమంటోంది.

వేళ్ల వణుకును ఆ యంత్రం వడకట్టేస్తుంది కాబట్టి తెర మీద ఉక్కు చేతులు నిశ్చలంగానే ఉన్నాయి. హేజిన్ మాత్రం మూలనున్న ప్రొఫెసర్ కాళ్లు చూసింది. మేజోళ్లలో పాదాలు గడగడా వణుకుతున్నాయి.

పట్టు వదిలాడు. తిత్తిని కిందికి దించి, వెనకవైపు నుంచి మళ్లీ మొదలెట్టాడు. గంట పట్టింది. తిత్తికి చేరేవి రెండంటే రెండే, ఒక గొట్టం, ఒక రక్తనాళం, వాటి వెనక కాలేయం స్పష్టంగా కనపడేదాకా విడదీశాడు. "చూశావా?" అని అడిగాడు. "చూశాను సార్" అంది. అప్పుడు క్లిప్పు ఇచ్చింది. ఉండిపోయే వైపు రెండు, పోయే వైపు ఒకటి, మధ్యలో కోత. రక్తనాళానికీ అంతే. తిత్తిని కాలేయం మీంచి ఒలిచి, సంచిలో వేసి, బొడ్డు గాటులోంచి బయటికి లాగారు. పగల్లేదు.

తర్వాతి ఆపరేషన్‌కి అరగంట ఉంది. ప్రొఫెసర్ అందర్నీ పక్క గదికి పిలిచాడు. బల్ల మీద కింబాప్ అన్నం చుట్టల పొట్లాలున్నాయి, ఎవరూ ముట్టుకోలేదు. గోడ తెర మీద రికార్డు నడుస్తోంది. "లెన్సు మసకేసింది" అంటోంది హేజిన్ గొంతు. బొమ్మ అద్దంలా ఉంది. ఆమెకు భూమి చీలితే బాగుండుననిపించింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటిసారి తుడిచినప్పుడే సార్."

ఆయన ఉబిన్ వైపు తిరిగాడు. "నీకు?"

"నాకు... అంతకన్నా కాస్త ముందే సార్. మీకు తెలిసే చేస్తున్నారనుకున్నా."

"నేను మత్తు డాక్టర్ని, నాకెందుకులే అనుకున్నాను" అంది యోమ్ తల దించుకుని. "కానీ పచ్చలైటు ఎందుకు వేయట్లేదా అని చూస్తూనే ఉన్నాను."

"అంటే పదింతల చూపున్న నేను తప్ప అందరూ చూశారన్నమాట" అన్నాడు ప్రొఫెసర్. కోపం లేదు ఆ గొంతులో. కోపమే నయమనిపించింది హేజిన్‌కి.

ఆయన తెర ఆపేశాడు. కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాడు.

"హేజిన్, నిజం చెప్పమ్మా. ఈ తొమ్మిదేళ్లలో ఇలా ఎన్నిసార్లు తుడిచావు?"

"చాలాసార్లు సార్."

"ప్రతిసారీ నేను చూసుకున్నానా?"

ఆమెకు ఏ రోగుల మొహాలు గుర్తుకొచ్చాయో, ఏ పేర్లు నాలుక చివర ఆగిపోయాయో, చెప్పడానికి ఇప్పుడు భయమేమీ లేదు. ఆ తర్వాత వాళ్లంతా ఏమయ్యారో మాత్రం ఆమె ఏనాడూ కనుక్కోలేదు.

"తెలీదు సార్" అంది.