వజీరా తొలి రోజా

వజీరాకు రోజా ఉపవాసం ఏమిటని ముందే గొడవపడ్డాను. ఒంటికి పదమూడేళ్లు, బుద్ధికి నాలుగు. అలాంటి బిడ్డలకు అల్లాయే మినహాయింపు ఇచ్చాడు. మా ఆయన బుడేన్ సాహెబ్ మాత్రం పట్టిన పట్టు విడవలేదు. డేరా బజారులో ఆయన పనిచేసే కుట్టుదుకాణంలో అందరి పిల్లలకూ తొలి రోజా వేడుక అయిపోయిందట.

“ఒక్కనాడు, ఖుర్షీదా. నా బిడ్డ మెళ్లో గూడా దండ పడల్ల. నలుగురొచ్చి దువా చేసి దీవించల్ల. అంతే,” అన్నాడు.

ఈ అరబ్బు దేశం వచ్చినప్పటి నుంచీ ఎవరి వేడుకకైనా పిలుపు వస్తే, పిల్లను ఇంట్లో ఉంచి రండని తోక తగిలించేవాళ్లు. ఎవరి దగ్గర ఉంచాలో ఒక్క మహాతల్లీ చెప్పదు. సరేనన్నాను.

అసలే జూలై. గదిలో ఫ్యాను వేడిగాలినే తిప్పుతోంది. రోజా నాడు ఆయన పనికెళ్లాక, మధ్యాహ్నం వజీరా కడుపు చూపించి బువ్వ అడిగింది. బిడ్డ ఆకలి ముందు దండేం లెక్క? తలుపు గడియపెట్టి పెరుగన్నం తినిపించి మూతి తుడిచాను. కాసేపటికి ఆయన వచ్చి, పిల్లను తాను చూసుకుంటానని, నన్ను పడుకోమన్నాడు. ఎన్నడూ లేని దయ! ఎందుకని అడిగే ఓపిక లేదు. చాప మీద ఒరగగానే కన్నంటుకుంది.

సాయంత్రం గదినిండా జనం. పక్క గదిలో ఉండే గుల్జార్ బేగం జరీ దండ తెచ్చింది. ఉపవాసం విడిచే వేళ అజాన్ పిలుపు వినపడగానే వజీరా నోట్లో ఖర్జూరం పెట్టి, “ఆకలికి ఎట్ల తట్టుకుంటివే తల్లీ?” అని అడిగింది.

వజీరాకు అబద్ధం రాదు. “అమ్మ బువ్వ పెట్టింది. అబ్బ బిస్కెట్టిచ్చినాడు. ఎవురికీ చెప్పొద్దన్నాడు.”

నేను ఆయన వైపు చూశాను. ఆయన నేలచూపులు చూశాడు. తిలాపాపం తలా పిడికెడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

“అయితే మీ ఇంట్లో రోజా ఉండేదెవురు?” గుల్జార్ బేగం దండ చేత్తో పట్టుకునే వేళాకోళమాడింది.

నాకు సిగ్గు కూడా రాలేదు. అంత అలసిపోయి ఉన్నాను.

“మేమే ఉండాం అక్కా, ఇద్దరమూ. ఇది పుట్టినప్పట్నుంచి ఉండాం. మాకింకా అజాన్ కాలేదు.”

గుల్జార్ బేగం దండ వజీరా మెడలో వేసింది. నా చేతిలోని పళ్లెం తీసుకుని పిల్ల పక్కన కూర్చుంది.

“బిడ్డకు నేను తినిపిస్తా. మీరిద్దరూ ముందు నీళ్లు తాగండి.”