నీళ్ళు చల్లిన పువ్వు

మాణిక్యం మస్కట్‌లో ఇరవై రెండేళ్ళు కారు నడిపి వచ్చాడు. అక్కడ ఎడారి పువ్వుల ఫొటోలు తీసే ప్రసన్నగారికి వాడే డ్రైవరు. మా సముద్రపొడ్డు ఇసుకలోనూ అలాంటి పసుపు పువ్వు పూస్తుందని వాడు చెబితే ఆవిడ మా ఊరొచ్చారు.

ఆ ఇసుక దిబ్బల మీద అరవై ఏళ్ళు మేకలు కాసింది నేను. ఊళ్ళో మాత్రం అందరూ "మాణిక్యంగారి పువ్వు" అంటున్నారు. వింటే అన్నం సయించేది కాదు. నేనూ చూపిస్తానని ఆవిడ దగ్గరికెళ్ళాను.

ప్రసన్నగారు ఒక్కో పువ్వుకి రెండు ఫొటోలు తీస్తారు. మొదటిది మామూలు వెలుతురులో. తరవాత కెమెరా కదపకుండా ముందరి అద్దం మార్చి, మన కంటికి ఆనని అల్ట్రావయొలెట్ వెలుతురులో రెండోది. మనకి అంతా పసుపుగా కనిపించే పువ్వు నడుమ అందులో నల్లటి మచ్చ బయటపడుతుంది. తేనెటీగ దాన్ని చూసే వాలుతుందట.

"ఇద్దరూ చెరో పువ్వు చూపించండి. బాగా వచ్చినది పుస్తకంలో వేస్తాను, చూపించినవాళ్ళ పేరుతో" అన్నారావిడ.

తెల్లారకుండానే వెళ్ళి ఒకటి ఎంచాను. ఆవిడ వచ్చేసరికి ఎండెక్కి నా పువ్వు వడిలింది. మాణిక్యం పువ్వు నిగనిగలాడుతోంది. మా ఆవిడ బజార్లో పూలమ్మినన్నాళ్ళూ బుట్ట మీద నీళ్ళు చల్లింది నేనే. ఎవరూ చూడకుండా సీసాలో నీళ్ళు నా పువ్వు మీద చిలకరించాను.

మొదటి ఫొటో చూసి ఆవిడ "అబ్బ!" అన్నారు. నేను మాణిక్యం కేసి చూశాను.

రెండోది చూసి ఆవిడ ముఖం మారింది. పుప్పొడి కారి రేకుల మీద చారలు కట్టింది. మచ్చ అంచు చెదిరిపోయింది.

"దీని మీద ఎవరైనా నీళ్ళు పోశారా?"

నేను ఇసుక కేసి చూస్తున్నాను.

"ఆయ్, మంచు నీళ్ళండీ. ఇక్కడ మంచు బాగా పడుద్దండి" అన్నాడు మాణిక్యం. నా చేతిలో సీసా వాడు చూశాడు.

"పదింటికా, మాణిక్యంగారూ?"

"మా మంచు మీ మస్కట్ మంచులా తొందరపడదండి."

ఆవిడ నవ్వేసి వాడి పువ్వుకి ఫొటోలు తీశారు. రెండూ బాగా వచ్చాయి. నోటుబుక్కు తెరిచి ఎవరి పేరు వెయ్యాలని వాణ్ణి అడిగారు.

"భీమరాజుగారి పేరు కూడా ఎయ్యండి. ఈ దిబ్బల సంగతి ఆయనకి తెలిసినట్టు నాకేం తెలుసండీ? మేవిద్దరం చూపించేవని రాయండి."

వాడి పక్కన, వాడి దయ మీద నా పేరు!

"నాది వద్దండి" అన్నాను. పొద్దుటినుంచీ నేనన్న మాట అదొక్కటే.

ఆవిడ ఒక్క పేరే రాసుకున్నారు. రాయడం అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను.